పన్నెండో ఫెస్టివల్

"మా తమ్ముడు చావలేదండీ, చంపేశారు," అంది ఆవిడ కుర్చీలో కూర్చోకుండానే.

డిటెక్టివ్ మంచినీళ్లు ఇచ్చాడు. అసిస్టెంటు నోట్‌బుక్ తెరిచింది.

తమ్ముడు దర్శకుడు. ఆరేళ్లు ఒళ్లు హూనం చేసుకుని తీసిన సినిమాను పదకొండు ఫిల్మ్ ఫెస్టివల్స్ కాదన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండోదాని జాబితా వచ్చింది. అందులోనూ పేరు లేదు. సాయంత్రానికి అతను మేడ మీంచి దూకేశాడు. నిన్న ఆ ఫెస్టివల్ వాళ్లే ఆవిడకు ఫోన్ చేశారు: ఎంపికైన సినిమాను మీవాడు ఎందుకు వెనక్కి తీసుకున్నాడని!

"వద్దంటూ మంగళవారం పదకొండింటికి వాడి ఐడీ నుంచే మెయిల్ వెళ్లిందట. అప్పుడు వాడు కంటి డాక్టరు దగ్గర నా పక్కనే ఉన్నాడు. ఫోను నా సంచిలో ఉంది."

మెయిల్ కాపీలో ఒకే వాక్యం. 'మా తొంభై రెండు నిమిషాల చిత్రాన్ని ఉపసంహరించుకుంటున్నాం.'

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"మా ఆయనకి, డిస్ట్రిబ్యూటర్‌కి, ఎడిటర్‌కి."

ముగ్గురినీ కలిశారు. సినిమా నిడివి ఎంతని అందరినీ మాటవరసకు అడిగాడు డిటెక్టివ్.

"తొంభై ఏడు అనేవాడు. సినిమాలు మానెయ్యమని పోరినమాట నిజమేనండీ," అన్నాడు బావ, తల దించుకుని.

"నా దగ్గరున్న కాపీ తొంభై ఏడు," అన్నాడు డిస్ట్రిబ్యూటర్. "ముందు థియేటర్లలో వేద్దామన్నాను. ఫెస్టివల్‌లో మొదటి ఆట పడేదాకా ఎక్కడా వెయ్యకూడదని భీష్మించాడు."

"తొంభై ఏడేనండీ," అన్నాడు ఎడిటర్. "నేనూ ఒకటి తీసి అదే ఫెస్టివల్‌కి పంపాను. ఆ టెన్షన్ నాకూ తెలుసు."

అతని వెనక మానిటర్ మీద ఆ సినిమా మొత్తం నిడివి తొంభై రెండు నిమిషాలని కనిపిస్తోంది. పక్కన చివరిసారి మార్చిన తేదీ, మెయిల్‌కు ముందురోజు సోమవారం. అసిస్టెంటు రెండూ రాసుకుంది.

మర్నాడు అందరినీ ఆ ఎడిటింగ్ రూములోనే కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"సోమవారం ఐదు నిమిషాలు కోశారు. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు డాక్టరు దగ్గరున్నారు. రెండోవారు నాతో అబద్ధమాడారు. ఎంపిక మెయిల్ చూసి, చెరిపేసి, వద్దని రాశారు. ఖాళీ అయిన చోటు వెయిటింగ్ లిస్టులో మొదటి సినిమాకు వెళ్లింది. అది ఎవరిదో ఫెస్టివల్ ఆఫీసు చెప్పింది."

ఎడిటర్ ముఖం పాలిపోయింది. "వాడు పదమూడోదానికి పంపుతాడనుకున్నాను. ఎప్పుడూ అంతేగా! ఇలా చేసుకుంటాడని కల్లో కూడా..."

"శుక్రవారం వాడు నీ దగ్గరికి వచ్చాడు కదూ?" అంది అక్క.

"వచ్చాడు. జాబితా చూసి... ఎక్కడ తప్పు చేశామని అడిగాడు."

"ఏం చెప్పావు?"



"సినిమాలో దమ్ము లేదేమో అన్నాను."

అసిస్టెంటు పెన్ను ఆగిపోయింది. అక్క లేచి, మెల్లగా మానిటర్ దగ్గరికి నడిచింది.

"నేనింకా చూడలేదు," అంది. "ఎలా వెయ్యాలో చూపించి వెళ్లు."