నాలుగో కొక్కెం

"సాంబశివరావుగారు ప్రాణాలతో విమానం ఎక్కాలి. మిగతావన్నీ ఆ తర్వాతే," అన్నాడు చీఫ్ విశ్వేశ్వరరావు, కాఫీ కప్పులోంచి తల ఎత్తకుండానే.

ఆంగ్ మో కియో హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య, పక్క బల్ల దగ్గర గ్రీజు మరకల చొక్కాతో కూర్చున్న వెల్డరే ఏజెంట్ పెద్దిరాజు. చెవిలోని రిసీవర్లో బ్రీఫింగ్ వింటున్నాడు. పెలికాన్ అనే విదేశీ ముఠా మన నౌకాదళం కోడ్ కాజేసింది. ముఠా మనుషుల్ని గుర్తుపట్టగల సాక్షి సాంబశివరావు ఒక్కడే. ఎయిర్‌పోర్టు దారిలో ఆయన్ని లేపేయాలని వాళ్లు కాచుకుని ఉన్నారు. అందుకని ఆయన్ని క్యాంపర్లో దాచి తీసుకెళ్లాలి. క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు వీపు మీద కూర్చోబెట్టే చిన్న గది. ఎక్స్‌పోలో క్యాంపింగ్ ప్రదర్శనకు వెళ్లే బండిని ఎవరూ అనుమానించరు. అక్కణ్ణించి ఎయిర్‌పోర్టు కూతవేటు దూరం.

"గదిని పట్టి ఉంచేవి మూలకొకటిగా నాలుగు కొక్కేలు. అవి బిగించిన రేకు పల్చన. ఒక్కటి ఊడినా మలుపులో గది రోడ్డు మీద పడుతుంది. వాటిని గట్టిపరచు," అన్నాడు చీఫ్.

పెద్దిరాజు రెండు రోజులు షెడ్డు వదల్లేదు. రేకు వెనక ఆరు మిల్లీమీటర్ల ఉక్కు పలకలు వేశాడు. బోల్టుల్ని రేకుతో ఆపకుండా బండి అడుగు చట్రం, ఛాసిస్ దాకా దింపాడు. ఒక్కోదానికి ఒక్కో సెన్సర్ తగిలించాడు. బిగింపు సడలితే చేతి గడియారంలో పచ్చచుక్క ఎర్రబడుతుంది.

తోడుగా తారాదేవి ఉంది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, ప్రదర్శన యజమానురాలి వేషం. ఆమె తొమ్మిదేళ్లుగా అతనితో పనిచేస్తున్న ఏజెంట్. అన్నయ్యా అని పిలుస్తుంది. అతని భార్య ఆమెకు ఏటా మాగాయ పంపుతుంది. తారాదేవి దేవుడికి దీపం పెట్టనిదే ఏ మిషన్‌కీ గడప దాటదు. నిన్న మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్తే షెడ్డుకు కాపలా ఉన్నదీ ఆమే.

ఉదయం పదింటికి ముసలాయన సాంబశివరావు క్యాంపర్ ఎక్కాడు. తారాదేవి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొక్కేలకు కుంకుమ అద్దింది. ఎడమవైపు వెనకది మాత్రం బోసిగా ఉండిపోయింది.

"దాన్ని మర్చిపోయావేంటమ్మాయ్?"

"కుంకుమ అయిపోయిందన్నయ్యా. నువ్వు బయల్దేరు, లారీలో నేను వెనకే వస్తా," అంటూ భరిణకు మూత పెట్టింది.

ఎక్స్‌ప్రెస్‌వే మీద గడియారంలో నాలుగూ పచ్చచుక్కలే. ఫ్లైఓవర్ మలుపు అరకిలోమీటరు ఉందనగా పెద్దిరాజు ఎడమ అద్దంలోకి చూశాడు. బోసి కొక్కెం కనబడింది. మూత పెడుతుంటే కుంకుమ పొర్లి ఆమె వేళ్ల మీద పడటం గుర్తొచ్చింది. అయిపోయిన కుంకుమ పొర్లడమేమిటి?

గడియారం పక్క మీట నొక్కి పోలీసులకు సంకేతం పంపాడు. బండిని అంచుకు తిప్పి ఆపాడు. దిగి రెండడుగులు వేశాడో లేదో, బోల్టు టప్పున తెగింది. కొక్కెం ఊడింది, గది ఒరిగింది. సీటు వెనక ఉన్న, సరుకు కట్టే లాషింగ్ బెల్టు లాగి, గది చుట్టూ తిప్పి, ఛాసిస్‌కు వేసి బిగించాడు. గది కిర్రుమని ఆగింది.

తెగిన బోల్టు సగందాకా రంపంతో కోసి ఉంది. కోత మీద లప్పం, లప్పం మీద రంగు. సెన్సర్ పక్క రేకుకు అతికించి ఉంది, అందుకే ఆ పచ్చచుక్క.

వెనక లారీ ఆగింది. అందులోంచి దిగిన ఇద్దరు పెలికాన్ మనుషుల్ని పోలీసులు చుట్టుముట్టారు. తారాదేవి పారిపోలేదు. కళ్లద్దాలు తీసి నిలబడింది.

"మూడు కొక్కేలకు బొట్టు పెట్టినదానివి, దీనికీ పెట్టేస్తే నాకు తెలిసేది కాదు కదమ్మా," అన్నాడు పెద్దిరాజు.

"తెగిపోయేదానికి అమ్మవారి పేరు చెప్పి బొట్టెలా పెడతానన్నయ్యా? చెయ్యి రాలేదు."

రంపం పట్టడానికి వచ్చిన చెయ్యి బొట్టు పెట్టడానికి రాలేదట. అమ్మవారంటే భయమే గాని, లోపల కూర్చున్న ముసలాయన కూడా ఆ తల్లి బిడ్డే అన్న ఆలోచన లేని భక్తి ఎలాంటిదో పెద్దిరాజుకు అర్థం కాలేదు. అడగాలనిపించింది. అప్పటికే ఆమెను జీపు ఎక్కించేశారు.

సాంబశివరావు ఎక్కిన విమానం లేచాక చీఫ్ ఫోన్ చేశాడు. కొక్కేలు నిలిచాయా అని అడిగాడు.

"నేను బిగించినవన్నీ నిలిచాయండీ. నమ్మినదొక్కటే ఊడింది."