ఎదురునీటి గంట

"చీకటి పడకముందే వచ్చెయ్ నాన్నా. నీళ్ళని నమ్మకూడదు," అని సంపూర్ణమ్మ ధవళేశ్వరం కాలవ రేవులో కొడుకుని వెనక్కి పిలిచి మరీ చెప్పింది. సామ్యేలు నవ్వి ఇంజను పడవ తీశాడు. అప్పుడు రెండు గంటలు. ఆరింటికి తిరిగొచ్చేసరికి రేవంతా జనం. రేవు పక్కన ట్యూషన్‌కి వచ్చే పిల్ల సారిక శవాన్ని ఒడ్డుకి తీస్తున్నారు.

వారం తిరక్కుండా సంపూర్ణమ్మ రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివ్ జీవరాజు ఎదుట కూర్చుంది.

"మావాణ్ణి పట్టుకెళ్ళారండీ. ట్యూషన్ చెప్పే తాతాజీ మాస్టారు ఎస్సై గారికి లెక్క కట్టి చూపించారంట. పడవ పోయేటప్పుడు గంటకి పన్నెండు కిలోమీటర్లు, ఎదురునీటికి నాలుగు, సగటు ఎనిమిది. రానూపోనూ ఇరవై నాలుగు కిలోమీటర్లకి మూడు గంటలే. ఐదింటికి రావాల్సినోడు ఆరుదాకా ఏం చేశాడని! ఆ గంటలోనే పిల్ల పోయిందంట."

"అబ్బాయేమన్నాడమ్మా?"

"ఎక్కడా ఆగలేదన్నాడండీ. మాస్టారి లెక్క తప్పుతుందా అంటున్నారు. సందేళైతే రేవులో తడి అడుగుల చప్పుడు వినపడుతోందండీ నాకు."

జీవరాజు, అసిస్టెంటు హారతి వెంటనే బయల్దేరారు. ట్యూషన్ గది రేవుని ఆనుకునే ఉంది. కాలవ వైపు కిటికీ తెరుచుకోకుండా కొత్తగా మేకులు కొట్టి ఉన్నాయి. బోర్డు మీద ఆనాటి లెక్క అలాగే ఉంది. తుడిచే గుడ్డ కొక్కేనికి లేదు. చివర్న మిగిలినవాళ్ళు రోజూ గుడ్డ తడిపి తేవాలని పిల్లలు చెప్పారు. ఆ రోజు చివర్న మిగిలింది సారిక. రేవు మెట్ల పక్కన నీటి మీది గుర్రపుడెక్కలో హారతికి ఓ నల్లగుడ్డ దొరికింది. గదిలో దొరికిన సారిక నోటుబుక్కుని జీవరాజు తన దగ్గరే పెట్టుకున్నాడు.

మర్నాడు ఎస్సైని, సారిక తల్లిని, సంపూర్ణమ్మని తాతాజీ ఉన్న ఆ గదికే రప్పించాడు.

"పోను పన్నెండు కిలోమీటర్లు, ఒక గంట. రాను అంతే దూరం, కానీ మూడు గంటలు. మొత్తం నాలుగు. సగటు వేగం ఆరండీ, ఎనిమిది కాదు. సామ్యేలు ఎక్కడా ఆగలేదు."

"కంగార్లో పొరపాటు పడ్డాను," అన్నాడు తాతాజీ.

జీవరాజు నోటుబుక్కు తెరిచాడు. "ఇదే పొరపాటు సారిక చేస్తే ఎర్రసిరాతో కొట్టేశారు. 'మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించు' అని రాశారు. తారీఖు ఆ రోజుదే. పిల్లకి దిద్దిన తప్పు, ఎస్సై గారి దగ్గర మీరే ఎలా చేశారు?"

జీవరాజు నల్లగుడ్డ బల్ల మీద పెట్టాడు.

"మాస్టారూ, మా పిల్ల రేవులోకి ఎందుకెళ్ళిందండీ?" అంది సారిక తల్లి.

మేకులు కొట్టిన కిటికీ అవతల నీళ్ళు మెట్లకి కొట్టుకుంటున్నాయి. ఎస్సై టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తాతాజీ ఆ గుడ్డని చేతిలోకి తీసుకున్నాడు.

"నేనే పంపానమ్మా, గుడ్డ తడిపి తెమ్మని. ఒక్క కేకేసింది. నాకు ఈత రాదు... లోపలే ఉండిపోయాను."