పిల్లికి కూడా ఓ గడి

ఆదివారం పొద్దున్నే ఆయన ఫ్రిజ్ తలుపు మీద ఒక పెద్ద కాగితం అతికించి, రెండడుగులు వెనక్కి వేసి, తన పనితనానికి తనే మురిసిపోయాడు. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసే గుమాస్తా ఆయన. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, సెలవు పెట్టినవాడి బండి ఎవరు తోలాలో గళ్ళు గీసి నింపడమే ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. డ్రైవర్లంతా ఆయన్ని గళ్ళ మాస్టారంటారు. ఆ జబ్బు ఇంటిదాకా వచ్చింది. దుప్పట్లు ఉతకాలన్నా, ఫ్యాను తుడవాలన్నా ఆ ఇంట్లో దానికో గడి ఉండి తీరాలి.

ఈసారి చార్టు విదేశీ ప్రయాణానిది. ప్రయాణం వచ్చే ఏడాది కూడా కాదు, ఆ పై ఏడాది వేసవి సెలవుల్లో. అంటే ఇంకా పద్దెనిమిది నెలలుంది. అంత దూరం ఎందుకని అడిగితే, అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయిపోతాయిగా అన్నాడు. కొండలు, మంచు, సరస్సులు ఉన్న దేశంలో పన్నెండు రోజులు. టిక్కెట్లు ఎప్పుడు కొనాలి, వీసాకి ఏ వారం వెళ్ళాలి, ఎవరి పెట్టె ఎవరు సర్దాలి, అన్నీ రాసేశాడు.

ఆయన భార్య ముందుగదిలో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మెడలో టేపుతోనే వచ్చి చార్టు చూసి, అప్పటికి అమ్మాయి కొలతలు రెండుసార్లు మారతాయి, ఏ బట్టలు సర్దాలో మీరెలా రాశారండీ అని నవ్వింది. అమ్మాయి మాత్రం ప్రతి గడీ పైకి చదివింది. మొక్కలకి నీళ్ళు పోసేది మేడమీద వాటావాళ్ళు. పిల్లికి పాలు పోసేది కింద వాటా పిన్నిగారు. మా నాన్న పిల్లిని కూడా డ్యూటీకి వేశాడని తెగ నవ్వింది.

ఆ నవ్వులు విని ఆయన తల్లి కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. ఆవిడ చేతికి ఏ కాగితం వచ్చినా, మందు సీసా చీటీ అయినా సరే, వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిందే. చార్టూ అలాగే చదివింది. చివరికొచ్చాక మళ్ళీ మొదటికెళ్ళి ఇంకోసారి చదివింది.

"బాగా వేశావురా," అంది. "పిల్లికి కూడా ఓ గడి పెట్టావు. రాయడంలో నాది పడిపోయినట్టుంది."

మామూలుగానే అంది. ఆయనే తడబడ్డాడు. మర్చిపోయానమ్మా, ఇప్పుడే రాస్తానని పెన్సిలు తీశాడు. తీసి, చార్టు ముందు అలాగే నిలబడిపోయాడు. ఒక్క అక్షరం రాయలేదు. తర్వాత రాయొచ్చులే, ముందు టీ తాగమని చెప్పి ఆవిడ తన గదిలోకి వెళ్ళిపోయింది.

భార్య అదంతా చూసింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొగుడిలో ఆవిడకి నచ్చని గుణాలు బోలెడున్నాయి గానీ, మతిమరుపు వాటిలో లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క బండి కూడా డ్రైవరు లేక డిపోలో ఆగిపోలేదు. పిల్లి గుర్తొచ్చిన మనిషికి కన్నతల్లి గుర్తు రాలేదంటే ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నం అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్ళేదాకా ఓపిక పట్టింది. ఆ తర్వాత మిషను ఆపి ఆయన్ని ముందుగదిలోకి పిలిచింది.

"మీరు మర్చిపోయే మనిషి కాదు. ఆ పన్నెండు రోజులూ అత్తయ్య ఎక్కడుంటారు? నిజం చెప్పండి."

ఆయన వంగి నేలమీద దారం ముక్కలు ఏరాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. కిందటి నెల రిపోర్టులు తెచ్చుకోవడానికి వెళ్తే డాక్టరు లోపలికి పిలిచాడట. గుండె బాగా నీరసించిపోయింది, ఏడాది గడిస్తే గొప్ప అన్నాడట.

"అమ్మ ఉండగా వదిలేసి ఎక్కడికీ వెళ్ళలేను. అందుకే తేదీ అంత దూరం జరిపాను. అమ్మ గడి దగ్గరికొచ్చేసరికి చెయ్యాడలేదు. ఏం రాయమంటావు?"

భార్య ముఖం కందగడ్డలా అయింది. నెలరోజులు ఇంత మాట కడుపులో పెట్టుకుని తిరిగారా అని నిలదీసింది. ఉప్పు ఎక్కువ తింటున్నారని నిన్ననేగా ఉప్పు డబ్బా దాచి అత్తగారితో పోట్లాడింది. తెలిసుంటే అలా నోరు పారేసుకునేదా?

"పైగా ఆవిడ కోసం తేదీ జరిపానంటున్నారు," అంది. "ఆవిడ పోయాక వెళ్దామని ఇప్పుడే తేదీ ఖాయం చేశారు. మీరు చేసింది అదేనండీ."

పాపం, ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధమూ లేదు.

జాకెట్టుకి హుక్కు కుట్టించుకుందామని తన గదిలోంచి వచ్చిన పెద్దావిడ ఎప్పట్నుంచి గుమ్మంలో నిలబడిందో ఇద్దరూ చూసుకోలేదు. కోడలు గబుక్కున లేచింది. ఆవిడ లోపలికొచ్చి, కొలతలకొచ్చేవాళ్ళ కోసం వేసిన స్టూలు మీద కూర్చుంది.

"ఆ డాక్టరు నాకే ముందు చెప్పాడు," అంది కొడుకుతో. "మావాడితో అనకండి, బెంగ పెట్టుకుంటాడు అన్నాను. అనేశాడన్నమాట."

"అమ్మా..."

"పోతానని తెలుసురా. ఈ వయసులో దానికి ఏడుపెందుకు? కానీ పొద్దున్న నీ కాగితం చదువుతుంటే మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. చేతిలో టీ గ్లాసుతో ఎదురుగా నిలబడ్డాను, అయినా నా ఇంట్లో నేను లేను. ఉన్నప్పుడే తీసేశావేమిటి?"

ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తప్పయిపోయిందమ్మా అని ఎన్నిసార్లన్నాడో. ఆవిడ కొడుకు తల నిమిరింది. కోడలు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"సరేగానీ," అంది పెద్దావిడ చాలాసేపటికి. "నువ్వొస్తావా అని నన్ను ఒక్కరన్నా అడిగారా? ఎవరెవరో దేశాలు తిరిగొచ్చి రాసుకున్న పుస్తకాలు ఎన్ని దిద్దానో నాకే తెలీదు. ఓడలు, మంచు, ఆ రైళ్ళు, అన్నీ నా కళ్ళకిందే వెళ్ళాయి. నేను మాత్రం ఒక్కసారి కూడా సముద్రం దాటలేదు."

ఆ మాటకి కొడుకు తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి, తల్లికి ఆ కోరిక ఉందన్న సంగతే అతనికి తెలియదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళారు. దూరప్రయాణం, మంచు అసలు వద్దన్నాడాయన. రెండు గంటల విమానమైతే, చక్రాల కుర్చీ పెట్టుకుని, మందులు దగ్గరుంచుకుని వెళ్ళి రావచ్చన్నాడు. అంతే దూరంలో సముద్రం అవతల ఒక చిన్న దీవి దేశముంది. నలుగురూ కలిసి వచ్చే నెలలోనే నాలుగు రోజులు వెళ్ళొద్దామనుకున్నారు. గళ్ళ మాస్టారు జీవితంలో మొదటిసారి ఇంత హడావిడిగా సెలవు పెడుతుంటే డిపోలో అందరూ వింతగా చూశారు.

పెద్దావిడకి పాస్‌పోర్టు లేదు. దానికోసం ఆ వారమే ముగ్గురూ వెళ్ళి వరసలో కూర్చున్నారు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఆవిడ ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుని, కాగితాలన్నీ చూసి, వారంలో ఇంటికే వస్తుందని చెప్పింది.

"ఇంక మళ్ళీ మళ్ళీ తిరగక్కర్లేదు మామ్మగారూ. పదేళ్ళు చెల్లుతుంది," అంది నవ్వుతూ.

కొడుకు చటుక్కున గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతుంటే కోడలు తన చేతిరుమాలు ఇచ్చింది. పెద్దావిడ మాత్రం ఆ అమ్మాయినే చూస్తూ, మంచి వార్త విన్నట్టు తలూపింది. ఆ తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని తనవైపు లాక్కుంది.

"విన్నావా, పదేళ్ళట. అయితే ఆ మంచు ప్రయాణానికి కూడా నన్ను వేసుకో."

"వేసుకున్నానమ్మా," అన్నాడాయన.