ఇరవైమూడు దిద్దుబాట్లు

ఆ వారపత్రిక ఆఫీసులో ప్రూఫ్ రీడర్‌ని అందరూ కామా అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంది, కావాల్సినవాళ్ళు అక్కడ చూసుకుంటారు. కాలేజీలో ఒకమ్మాయి రాసిన ప్రేమలేఖని ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చాడని అతని గురించి ఒక పుకారు ఉంది. అది అబద్ధం. అది పెన్ను కాదు, పెన్సిలు.

సోమవారం పదకొండింటికి ఒకావిడ పత్రికని కర్రలా చుట్టి పట్టుకుని లోపలికొచ్చింది.

"నా కథ దిద్దిందెవరు?"

గదిలో ఉన్న అయిదుగురూ కామా వైపు చూశారు.

"నేనేనండి. థాంక్స్ చెప్పడానికి ఇంత దూరం రానక్కర్లేదు" అన్నాడు కామా. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"థాంక్సా! ఇరవైమూడు చోట్ల పొడిచారు!"

"పొడవలేదండి, దిద్దాను. భార్య మొదటి పేరాలోనే పోయింది. రెండో పేరాలో ఆ పెద్దాయన 'కిటికీ మూస్తే మా ఆవిడకి ఊపిరాడదు' అంటాడు. పోయిన మనిషికి ఊపిరి..."

పక్క టేబుల్ ఆయన దగ్గాడు. కామా ఆగాడు.

"ఆగారేం? కానివ్వండి."

"'ఊపిరాడేది కాదు' అని మార్చాను. గ్రామర్."

"అది గ్రామర్ కాదండీ, మనిషి! కథ మొత్తం మీద ఆయన ఒక్కసారీ ఏడవడు. బాగానే ఉన్నానంటాడు, టైముకి తింటున్నానంటాడు. ఆయన చెప్పేది నమ్మకండి, ఎలా చెప్తున్నాడో వినండి అని రాశాను నేను. మీరు ఆ ఎలాని పీకేశారు. ఇప్పుడా కథలో ఏం మిగిలింది? ఆరోగ్యంగా ఉన్న ఒక ముసలాయన!"

పత్రికని అతని టేబుల్ మీద పడేసి వెళ్ళిపోయింది. గాలికి ప్రూఫులు రెండు ఎగిరి కింద పడ్డాయి.

మధ్యాహ్నం కామా అసలు రాతప్రతి వెతికి తీశాడు. అప్పటికి నాలుగుసార్లు చదివాడు గాని, అక్షరాలు చదివాడు. ఈసారి కథ చదివాడు. వానలో బయల్దేరిన పెద్దాయన రెండు గొడుగులు పట్టుకెళ్ళి, ఒకటి వాడుకుని, రెండోది పొడిగానే ఇంటికి తెస్తాడు. ఎందుకు తీసుకెళ్ళానని ఆయన అనుకోడు. రచయిత్రీ చెప్పదు. కామా టిఫిన్ బాక్స్ మూత తీయకుండానే బ్యాగులో పెట్టేశాడు.

ఆమె ఫిజియోథెరపిస్టు. క్లినిక్ చిరునామా రాతప్రతి చివర ఉంది. మర్నాడు వెళ్ళాడు.

"ఏ నొప్పి?" అంది రిసెప్షనిస్టు.

"క్షమాపణ చెప్పాలండి."

ఆ అమ్మాయి ఫారం చూసింది. అందులో అలాంటి గడి లేదు. 'మెడ' అని రాసుకుంది.

పది నిమిషాల్లో కామా బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ముఖం పెట్టుకోవడానికి బల్లకో కన్నం ఉంది. అందులోంచి నేల కనిపిస్తోంది, నేల మీద ఆమె చెప్పులు.

"తప్పు నాదేనండి" అన్నాడు నేలతో.

ఆమె చేతులు ఆగాయి. "మీరా?"

"నేనే. కానీ మెడ కూడా నిజంగానే నొప్పండి."

"తెలుస్తోంది. రాయిలా ఉంది." కొంచెం గట్టిగానే నొక్కింది. "ఆ పెద్దాయన ఎవరో తెలుసా? మా నాన్న. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ పోయి మూడేళ్ళు. ఇప్పటికీ 'మీ అమ్మ ఒప్పుకోదు' అంటారు. నేను ఎదురుగా అనలేక కథలో అన్నాను. మీ పత్రిక వరుసగా ప్రకటనలతో సహా చదువుతారు. చదివారు. 'బాగుంది తల్లీ' అని మడిచి పెట్టారు. అందులో తను లేరుగా మరి!"

కామా కన్నంలోంచి తల ఎత్తబోయాడు.

"అసలు కాపీ నేనే తెచ్చి ఇస్తాను. పాడు చేసింది నేనని చెప్తాను."

"అక్కర్లేదు."

"శనివారం సాయంత్రం ఆయన ఇంట్లో ఉంటారా?"

"మెడ కదపకండి" అంది ఆమె. అది వద్దనడం కాదని కామా అర్థం చేసుకున్నాడు. అతని స్థాయికి అది పెద్ద విషయం.

శనివారం తలుపు ఆమె తండ్రే తీశాడు.

"అమ్మాయి మందుల షాపుకెళ్ళింది, వచ్చేస్తుంది. ఆ కుర్చీలో కాదు బాబూ, అది మా ఆవిడది. ఎవరన్నా కూర్చుంటే ఊరుకోదు."

కామా స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పి, కాగితాలు చేతికిచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. రెండు గొడుగుల దగ్గర పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు అచ్చేసినదాంట్లో ఆయన 'ఉండేది, అనేది, నవ్వేది' అంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది" అన్నాడు చివరికి. "పెళ్ళాన్ని అంత తేలిగ్గా సాగనంపేశాడే అనుకున్నా. తర్వాత, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేనూ ఒకసారి అని చూశా. 'మా ఆవిడ బాగా పాడేది' అని. పైకే అన్నా. ఇంటి కప్పేమీ కూలలేదు. రెండు రోజులు ముద్ద దిగలేదనుకో, అది వేరే సంగతి."

గుమ్మంలో మందుల సంచితో ఆమె నిలబడి ఉంది.

"ఇందులో ఉన్నది నేనే కదూ తల్లీ?"

"అవును నాన్నా."

"మూడేళ్ళ నుంచీ వింటూ ఊరుకున్నావా? చెప్పొచ్చుగా."

"నేను చెప్తే మీరు మానేస్తారేమోనని భయమేసింది. మీరు అలా అంటుంటే అమ్మ పక్కగదిలో ఉన్నట్టుండేది నాకూ."

అప్పుడు ఆయన ఏడ్చాడు. ఆమె ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. మెల్లగా ఏడవడం ఆయనకి రాదు. కింది ఫ్లాటువాళ్ళు వచ్చి బెల్ కొట్టారు. కామా వెళ్ళి తలుపు తీశాడు.

"ఏం లేదండి, కథ చదువుకుంటున్నారు" అన్నాడు.

ఆ తర్వాత కామా మెడకి ఎనిమిది సిట్టింగులు జరిగాయి. మూడింటికే తగ్గిపోయిందని ఇద్దరికీ తెలుసు. శనివారాలు ఆ ఇంటికి వెళ్ళడం అలవాటైంది. పెద్దాయన కొన్నిసార్లు 'ఉంది' అంటాడు, కొన్నిసార్లు 'ఉండేది' అంటాడు. కామా ఏదీ దిద్దడు.

ఒక శనివారం బాల్కనీలో ఆమె కొత్త కథ ఇచ్చింది. కథలో ఒకావిడ తన ఆఫీసుకొచ్చే ఒక మనిషిని తిడుతూ ఉంటుంది. కామా రెండుసార్లు చదివాడు.

"తప్పులెన్ని?"

"ఒక్కటీ లేదు. ఈవిడ ఇతన్ని నాలుగు పేజీలు తిట్టింది."

"అవును. వాడంటే ఒళ్ళుమంట."

"నడక, నవ్వు, పెన్ను మూత కొరకడం, అన్నీ తిట్టింది. చొక్కా మూడో గుండీ వేరే రంగు దారంతో కుట్టారని కూడా తిట్టింది."

"తిడితే?"

కామా తన చొక్కా వైపు చూసుకున్నాడు. మూడో గుండీకి నల్లదారం ఉంది. మిగతావాటికి తెల్లది.

"ఒళ్ళుమంటగా ఉన్నవాళ్ళ గుండీల దారాలు ఎవరూ చూడరండి."

ఆమె కాగితాలు లాక్కుంది. చెవులు ఎర్రబడ్డాయి. "చదవడం నేర్పితే నన్నే చదువుతున్నారా!"

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఇద్దరూ కదల్లేదు.

"నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు" అన్నాడు కామా. "మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె ఏదో అనబోయేలోగా లోపలినుంచి తండ్రి గొంతు వినిపించింది. "బాబూ, మీ అమ్మగారి ఫోన్ నెంబరెంత?"

"నాన్నా! నేనింకా జవాబు చెప్పలేదు!"

"చెప్పు మరి. నేనేమన్నా అడ్డొచ్చానా?"

ఆమె కామా వైపు చూసింది. వాన నీళ్ళు అతని ముక్కు మీంచి కారుతున్నాయి. తుడుచుకోవాలని అతనికి తోచలేదు.

"చేసుకుందాం" అంది.

కామా కిటికీలోంచి నెంబరు చెప్పాడు. పెద్దవాళ్ళిద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి, ఫోన్లు చుట్టూ తిప్పి డయల్ చేసే రోజుల గురించి. పెళ్ళి సంగతి ముప్పై ఎనిమిదో నిమిషంలో వచ్చింది, వెంటనే ఖాయమైపోయింది.

అంతసేపూ వీళ్ళిద్దరూ బాల్కనీలోనే తడుస్తూ నిలబడ్డారు. తలుపు తెరిచే ఉంది.