దిగిపోతున్న చుక్క

సాయంత్రం ఆఫీసులో అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మ్యాపులు గీసే అక్క ఒక్కతే కంప్యూటరు ముందు కూర్చుని, ఫోను స్పీకర్లో పెట్టి, కొత్తగా సర్వేలో చేరిన తమ్ముడికి పాఠం చెబుతోంది.

"ఒరేయ్ మొద్దూ, మ్యాపంటే ఒక్క బొమ్మ కాదురా. పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు. ఒకదాని మీద రోడ్లు, ఇంకోదాని మీద పాత గనుల గోతులు, అన్నిటికంటే పైన నువ్వు."

"ఇన్నాళ్లకి ఒప్పుకున్నావు, నేను పైనని!" వాడు పకపకా నవ్వాడు.

వాడున్నది మూతపడ్డ గనుల దగ్గర. వాడి చేతిలోని పరికరం వాడెక్కడుంటే అక్కడ అక్క తెర మీద ఎర్రచుక్క పెడుతుంది, పక్కనే నేల ఎత్తు చూపిస్తుంది. మబ్బు పట్టినట్టే పట్టి, ఉన్నట్టుండి పొగమంచు కమ్మేసింది.

"అక్కా, ఏమీ కనబడట్లేదే. తడిబొగ్గు వాసన కొడుతోంది."

"కంగారుపడకు. గోతులన్నీ నీకు ఎడంపక్కన ఉన్నాయి. తిన్నగా నడువు, నేను చూస్తున్నాగా."

వాడు నడిచాడు. అక్క మాటంటే వాడికి వేదవాక్కు.

అప్పుడు పడింది ఆమె చూపు. రోడ్ల కాగితం మీద మలుపు ఒకచోట ఉంటే, గోతుల కాగితం మీద అదే మలుపు ఇంకోచోట ఉంది. పొద్దున ఆ గోతుల పాత మ్యాపు ఎక్కిస్తుంటే, ఇది ఏ కొలతల పద్ధతిలో గీశారని సాఫ్ట్‌వేర్ అడిగింది. టీ చల్లారిపోతోందని చదవకుండానే సరే నొక్కేసింది. ఛీ, పాడు చెయ్యి! గబగబా సరిచేసింది. గోతులన్నీ పక్కకు జరిగాయి. ఎర్రచుక్క పెద్ద గోతి నడిమధ్యన ఉంది.

"ఆగరా! అడుగు కదపకు!"

"ఎందుకక్కా? చదునుగానే ఉందిగా."

చదునా...? ఎత్తు అంకె తగ్గుతోంది. ఇంకా తగ్గుతోంది. పడిపోయినట్టు కాదు... నెమ్మదిగా, మెట్లు దిగినట్టు. మ్యాపులో రాసున్న గోతి లోతు కూడా దాటేసింది. ఆగలేదు.

అమ్మ పోతూ పోతూ వీణ్ణి ఆమెకు అప్పగించింది. ఆమెకున్నది వీడొక్కడే.

"వెనక్కి రారా... నీ కాళ్లు పట్టుకుంటా, వెనక్కి వచ్చెయ్!"

"నువ్వేగా లాక్కెళ్తున్నావు," వాడు గుసగుసగా అన్నాడు. "నీ చెయ్యేంటక్కా... ఇంత చల్లగా ఉంది?"

ఆమె రెండు చేతులూ బల్ల మీదున్నాయి.

విడిపించుకో అనబోయి ఆగిపోయింది. అంత లోతున వాణ్ణి పడిపోకుండా ఆపుతున్నది ఆ చెయ్యి ఒక్కటేనేమో. వదిలేస్తే...? వదలకపోతే...? ఏడుపు తన్నుకొచ్చింది.

వాడికీ ఏదో అర్థమైనట్టుంది. "అక్కా... వదిలెయ్యనా?"

ఆమె నోరు తెరిచేలోపే, ఫోనులో వాడి పక్కనుంచి, అచ్చం ఆమె గొంతే బదులిచ్చింది.

"వదలకు నాన్నా. ఇంకొంచెం దూరమే."