పిండి పొగ

"మంటలు! మంటలు!" అని అరుస్తూ బేకరీ అద్దాల తలుపు పగలగొట్టి లోపలికి దూకినవాడు, బకెట్టెడు నీళ్లు ఎత్తి లోపల పని చేసుకుంటున్న అమ్మాయి నెత్తిన కుమ్మరించాడు.

తీరా చూస్తే మంటల్లేవు. అటక మీది మైదా బస్తా జారి నేల మీద పడి పిగిలింది. గదంతా తెల్లటి దుమ్ము, బయటికి అచ్చం పొగలా. తలుపుకి లోపల తాళం వేసి ఉంది, పిండి కలిపే మెషీన్ రొదలో బయటి కేకలు ఆమెకు వినపడలేదు. ఇప్పుడు ఆ మైదా, ఈ నీళ్లు కలిసి, తల నుంచి కాళ్లదాకా ఆమే ఒక ముద్దయి నిలబడింది.

"మీకేం కాలేదు కదా?" అన్నాడతను రొప్పుతూ.

"కాలేదా? నన్ను చూసి చెప్పండి!"

"తొందరగా కడుక్కోండి. ఆరితే గట్టిపడుతుంది."

ఆ సలహాకి ఆమెకు ఒళ్లు మండింది. ఆ రోజు అక్కడ మండింది అదొక్కటే. తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, తమ షాపులో జొరబడ్డాడనీ, కావాలనే తలుపు ధ్వంసం చేశాడనీ ఫిర్యాదు రాసిచ్చింది.

అతను అద్దాలు బిగించేవాడు. ఆ తలుపు బిగించింది కూడా అతనే. ఎక్కడ కొడితే పగులుతుందో తెలుసు కాబట్టి మూల మీద ఒక్క దెబ్బతో పని కానిచ్చాడు. పోలీసులకు అదే అనుమానంగా తోచింది. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

"నేరం ఒప్పేసుకుంటానండీ. జరిమానా కట్టి పనికి పోతాను," అన్నాడు కోర్టు వరండాలో, తన తరఫున కోర్టువారు ఏర్పాటు చేసిన ప్లీడరమ్మతో. "పగలగొట్టింది నేనే కదా!"

"పగలగొట్టడం వేరు నాయనా, నేరం చేయడం వేరు. నీకు చెడ్డ ఉద్దేశం ఉందా?"

"అయ్యో, లేదండీ."

"మరెందుకు ఒప్పుకోవడం? జరిమానా ఇవాళ కట్టేస్తావు. శిక్ష పడిందన్న మచ్చ మాత్రం ఎక్కడికెళ్లినా నీ వెంటే వస్తుంది."

ఈమధ్యే ఒక పిల్లల స్కూల్లో కిటికీలన్నీ మార్చే పని అతని చేతికొచ్చింది. సొంతంగా పట్టిన మొదటి పెద్ద పని. శిక్ష పడినవాళ్లని ఆ స్కూలు గేటు కూడా దాటనివ్వరు.

లోపల జడ్జిగారు అభియోగం చదివి అడిగారు. "నేరం ఒప్పుకుంటున్నావా?"

"అద్దం పగలగొట్టానండీ, కానీ..."

"కథ తర్వాత. ఒప్పుకుంటున్నావా, లేదా?"

ప్లీడరమ్మ కళ్లెర్రజేసింది.

"లేదండీ."

కేసు వాయిదా పడింది. బయటికొస్తే బెంచీ మీద ఆ అమ్మాయి. మైదా లేకుండా చూడటం అదే మొదటిసారి. అడుగు ముందుకు పడలేదతనికి.

"కోపం తగ్గాక మర్నాడే వెనక్కి తీసుకుందామని స్టేషన్‌కి వెళ్లానండీ," అందామె తల దించుకుని. "కోర్టుకు వెళ్లిపోయింది, ఇక మా చేతిలో లేదన్నారు."

"రాజీ పడొచ్చట. జడ్జిగారు సరేననాలి."

"ముందు మా నాన్న సరేననాలి. షాపు ఆయనది. పిండిని పొగనుకునే మనిషెక్కడైనా ఉంటాడా, అంతా నాటకం అంటున్నారు."

తర్వాతి వాయిదాకి జడ్జిగారు సెలవు. వరండాలో అందరూ విసుక్కుంటుంటే వీళ్లిద్దరికి మాత్రం విసుగే రాలేదు. బయట వాన. ఆమె తెచ్చిన బన్ను చెరిసగం తిన్నారు.

"సాక్ష్యం మొదలైతే మిమ్మల్ని బోనెక్కిస్తారు. ఆ ముద్ద సంగతి అందరి ముందూ అడుగుతారు," అన్నాడు. "నేను ఒప్పేసుకుంటాను. మీకు ఈ తిరుగుడు తప్పుతుంది."

"తిరగలేనని నేనన్నానా?"

అతను చొక్కా మీద రాలిన బన్ను పొడి దులుపుకున్నాడు.

"మరి మీరు చెప్పిన స్కూలు పని?" అందామె.

"పోతే పోతుంది."

"అంత పెద్ద మనసు మీకెందుకండీ! నోరు మూసుకుని కూర్చోండి. మీ తరఫున ప్లీడరమ్మ ఒక్కరే ఉన్నారనుకోకండి."

ఆ మాటతోనే అతను మళ్లీ వాయిదా దాకా బతికాడు.

ఆ రోజు ఆమె వచ్చింది. జుట్టు నిండా పిండి ముద్దలు. వెనకే వాళ్ల నాన్న, నేల చూపులు చూస్తూ.

"మళ్లీ ఏమైందండీ?"

"పొద్దున నాన్న వీధిలో ఉండగా అటక మీంచి ఒక బస్తా తోసేసి, మెషీన్ ఆన్ చేశాను."

"కావాలనే?"

"మరి! నాన్న మంటలని కేకలేస్తూ, తలుపుకి కట్టిన ప్లాస్టిక్ షీటు చింపుకుని వచ్చారు. మీరు ఒక్క బకెట్టే పోశారు. ఆయన రెండు పోశారు."

జడ్జిగారు రాజీ కాగితం చూసి ఆమెనడిగారు. "ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"లేదండీ. ఆయన నన్ను కాపాడ్డానికే వచ్చారు. మంటలే రాలేదు."

"మీరేమంటారు?"

వాళ్ల నాన్న గొంతు సవరించుకున్నాడు. "అతని చోట నేనున్నా అదే చేసేవాణ్ని. అంటే... చేశానండీ."

జడ్జిగారు ఆమె జుట్టు చూశారు, నవ్వు ఆపుకున్నారు, రాజీకి ఒప్పుకుని కేసు మూసేశారు. శిక్ష లేదు, మచ్చ లేదు. స్కూలు పని చేజారలేదు. అయినా బయటికొచ్చిన అతని మొహంలో సగం దిగులే.

"ఇక వాయిదాలుండవు," అన్నాడు.

"ఉండాలా?"

"కేసు వద్దు. మీరు కావాలి."

ఆమె సిగ్గుపడింది. అంత పిండిలోనూ అది తెలిసిపోయింది. "ఇంత ఆలస్యంగానా చెప్పడం? పిండి ఆరి గట్టిపడిపోయింది!"

వెనక దగ్గు వినిపించింది. ఇద్దరూ దూరం జరిగారు.

"కొత్త తలుపు ఎప్పుడు బిగిస్తావబ్బాయ్?" అన్నాడు వాళ్ల నాన్న.

"రేపేనండీ."

"దాని తాళంచెవి ఒకటి నీ దగ్గరే ఉంచుకో. ఎలాగూ వస్తూ పోతూ ఉంటావు, వచ్చినప్పుడల్లా పగలగొట్టడం దేనికి?"