మగ్గం మీద ఎవరి చెయ్యి?

కాశన్న శవం అతని మగ్గం గుంట పక్కనే, చాప మీద దొరికింది. నుదుటి మీద గాయం. దీపాలు పెట్టే వేళ పెండ్లాం గంగాదేవి పెట్టిన కేకకు వీధి వీధంతా పరుగెత్తింది.

అది 1936. డోన్ దగ్గర నేతగాళ్ల పల్లె. మర్నాటికల్లా బొంబాయి బండి కోసం గుంతకల్లు స్టేషన్‌లో కాచుకుని ఉన్న కాశన్న తమ్ముడు ఓబులేసును పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం అతను అన్నతో గట్టిగా పోట్లాడాడు. మగ్గం వదిలేసి బొంబాయి మిల్లుకు రమ్మంటాడు, అన్న రానంటాడు. ఆ కోపంతోనే వెళ్లి మూడు గంటల రైలెక్కాడు. ఇంకేం కావాలి? సబ్ ఇన్‌స్పెక్టర్ కేసు కట్టేశాడు.

కర్నూలు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ దావీదురాజుకు మాత్రం అన్నం సయించలేదు. ఇద్దరి స్టేట్‌మెంట్లు అతన్ని పీక్కుతింటున్నాయి.

కాశన్న మధ్యాహ్నమే పోయాడని డాక్టరు అంటాడు. అదే నిజమైతే ఓబులేసుకు ఉరి తప్పదు. పొద్దు మునిగేదాకా మగ్గం ఆడింది, మనిషి బతికే ఉన్నాడని పక్కింటి హంపమ్మ అంటుంది. అదే నిజమైతే ఓబులేసు అప్పటికి రైల్లో ఉన్నాడు. హంపమ్మది పచ్చి అబద్ధమని, ఓబులేసు ఆమె చేతుల్లో పెరిగినవాడని సబ్ ఇన్‌స్పెక్టర్ కొట్టిపారేశాడు. గంగాదేవి అయితే దీపం పెట్టేటప్పుడు చూశానన్న ఒక్క మాట తప్ప నోరు విప్పదు.

ఐదో రోజు దావీదురాజు అందరినీ ఆ మగ్గం ఇంట్లోనే కూర్చోబెట్టాడు.

"డాక్టరుగారూ, సాయంత్రం మగ్గం ఆడలేదని మీరంటారా?"

"నేనెట్లా అంటాను? నేను డోన్‌లో ఉన్నాను."

"హంపమ్మా, సాయంత్రం కాశన్నను కళ్లారా చూశావా?"

"సూడలేదు సామీ. మగ్గం ఆడతాంటే ఆయన ఉన్నెట్లే గదా. ఇంగెవురు ఆడిస్తారు?"

దావీదురాజు తనను తానే తిట్టుకున్నాడు. మగ్గం ఆడిందా లేదా అన్నదే తగువని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ చప్పుడును డాక్టరు కాదనడం లేదు. హంపమ్మ మనిషిని చూడనే లేదు. వాళ్లకు తేడా వచ్చింది ఒక్కచోటే. మగ్గం ఆడితే ఆడించింది కాశన్నేనా? హంపమ్మకు ఆ అనుమానమే రాదు. ఆ వీధిలో ఆడవాళ్లు కండెలు చుడతారు, నూలుకు గంజి పెడతారు, నేయడానికి మగ్గం గుంటలోకి మాత్రం దిగరు.

"ఓబులేసు నీ వాకిలి దాటేటప్పుడు మగ్గం ఆడుతోందా?"

"ఆడతానే ఉన్నింది."

"తర్వాత ఆగిందా?"

"శానాసేపటికి ఒకసారి ఆగె. అన్నం తింటాండాడేమో అనుకొంటి. మళ్లా మొదలాయె, నిదానంగా."

సబ్ ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు. తమ్ముడు వెళ్లాక కూడా అన్న నేస్తూనే ఉన్నాడు.

"గంగమ్మా, చేతులు చూపించు."

ఆమె కొంగు కింది నుంచి చేతులు తీసింది. కుడి అరచేతిలో పగిలి ఎండుతున్న బొబ్బలు. మగ్గం తాడు లాగడం అలవాటు లేని చెయ్యి.

"ఆయన రొమ్ము పట్టుకొని ముందుకు పడె సామీ. నుదురు మగ్గం గుంజకు తగిలె. నీళ్లు తెచ్చేలోపల పాణం పాయె."

ఆయన్ను గుంటలోంచి లాగి చాప మీద పడుకోబెట్టిందట. తర్వాత తానే గుంటలోకి దిగిందట.

"ఎందుకమ్మా?"

గంగాదేవి హంపమ్మ వైపు చూసి కళ్లు దించుకుంది.

"మగ్గం మీద ఉన్నింది హంపక్క బిడ్డ పెండ్లిచీర. రెండు జానలు మిగిలిండె. నేను ఏడ్చింటే అది చావింటి గుడ్డ, కోసి పారేయల్ల. మాకు బిడ్డల్లేరు. ఆ పిల్లకని ఆయన ఎంత ఆశగా నేసినాడో నాకు తెలుసు. అందుకే ఏడుపు మింగి నేసినా."

పొద్దు మునిగాక చీర కోసి హంపమ్మకు గోడ మీదుగా అందించింది. ఆ తర్వాతే కేక పెట్టింది. మూడో నాడు హంపమ్మ కూతురు చౌడమ్మకు ఆత్మకూరులో ఆ చీరతోనే పెండ్లయింది.

"సెప్తే అత్తగారు ఆ పిల్లను ఉంచుకుంటారా? సెప్పకుంటే మరిది పోతాడు. నాకు నోరు రాలేదు సామీ."

దావీదురాజు కలం ఆగిపోయింది. ఈ మాట రాయకపోతే ఓబులేసు బయటికి రాడు. రాస్తే కొత్త పెండ్లికూతురు పుట్టింటికి వచ్చిపడుతుంది. ఓబులేసును కాపాడాలని హంపమ్మ చెప్పిన సాక్ష్యమే తిరిగి తిరిగి ఆమె బిడ్డ మీదికి వచ్చింది.



"రాయి సామీ," అంది హంపమ్మ. "ఓబులేసు ఇంటికి రావల్ల. పిల్లను పంపిస్తే పంపనీ. ఆ చీర కట్టుకొనే నా ఇంట్లో ఉంటాది."

లేచి వెళ్లి గంగాదేవి పక్కన కూర్చుంది. ఆ బొబ్బల చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

"గోడకవతలే ఉంటి గదా గంగా. ఒక్క మాట సెప్పింటే, నువ్వు నేసేంతసేపూ నేను ఆయన దగ్గర కూసోనుంటి."

గంగాదేవి అప్పుడు ఏడ్చింది. దావీదురాజు కాగితాలు పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. రాయాల్సింది ఆమె ఏడుపు అయ్యాక రాశాడు.